మధ్యలో ఆపిన మందు

పులివెందులలో బస్సెక్కగానే హెలెన్ ముందు వరుసల్లో కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది. చేతిలోని సంచిని పక్క సీట్లో పెట్టింది. ఆమె వెనకే ఎక్కిన భర్త రవికుమార్ ఆ సంచి వంక ఒక్క క్షణం చూశాడు. వెనక్కి పోయి, ఎక్కడో మగవాళ్ల మధ్య సర్దుకున్నాడు. పదేళ్లు దాటిన కాపురంలో ఒకే బస్సులో విడివిడిగా కూర్చోవడం ఇదే మొదలు. కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి ఉచిత టికెట్టు కొట్టిచ్చి, వెనకున్నాయన మీతోనేనా అమ్మా అని అడిగాడు. మామూలు ప్రశ్నే. ఆయన టికెట్టు ఆయన తీసుకుంటాడు అంది. అన్నాక తన మాట తనకే పరాయిదిగా వినపడింది. జమ్మలమడుగు చేరడానికి గంటన్నర. ఇంట్లో అత్త దీవెనమ్మ అన్నం వండిపెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ దారి ఎప్పటికీ అయిపోకూడదనీ, ఇప్పుడే అయిపోవాలనీ రెండూ ఒకేసారి అనిపించాయి హెలెన్‌కు.

ఊరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా అరటితోటలు. గాలికి పీలికలైన ఆకులు, గెలలకు తొడిగిన నీలం సంచులు. ఆ నీలం చూస్తూనే ఆమె మళ్లీ డాక్టరు గదిలోకి పోయింది. ఆ గదిలో తెర కూడా అదే నీలం. మానసిక వైద్యం చేసే డాక్టరు ఇరమ్ చిన్న వయసు మనిషి, తలమీద దుపట్టా, కడప యాస. మొదట రవికుమార్‌తో ఒంటరిగా శానాసేపు మాట్లాడింది. బయట బల్లమీద కూర్చున్న హెలెన్ లోపలి నుంచి అరుపులు వినపడతాయేమోనని చూసింది, ఏడుపు వినపడుతుందేమోనని చూసింది, ఏదీ వినపడలేదు. తర్వాత ఆమెను లోపలికి పిలిచి, మీ భార్యకు చెప్పాల్సింది నేను కాదు మీరే అంది డాక్టరు. రవికుమార్ బల్ల అంచు చూస్తూ చెప్పాడు. ఫోనులో గంటలు గంటలు బూతు బొమ్మలు చూడటం, ఆఫీసుకు సగం పూట సెలవు పెట్టడం, ప్రొద్దుటూరు లాడ్జీలు, డబ్బులకు వచ్చే ఆడవాళ్లు. పెళ్లయిన మరుసటి ఏడాది నుంచీ. హెలెన్‌కు విచిత్రంగా ఆ మాటలకంటే ఆ గొంతే ఎక్కువ గుచ్చుకుంది. మైలవరం కాలువల ఆఫీసులో నీళ్ల లెక్క పైవాళ్లకు ఫోనులో చెప్పేటప్పుడు ఎట్లా చెప్తాడో, అట్లాగే చెప్పాడు.

డాక్టరు అడిగినవి హెలెన్ అనుకున్న ప్రశ్నలు కావు. ఎవరితో, ఎక్కడ అని అడగలేదు. మానుకోవాలని చూసినారా? చూసినాక ఎన్నాళ్లు నిలబడినారు? మళ్లీ పోయిన రోజు ఉదయం ఏం జరిగింది? పైఆఫీసరు తిట్టిన రోజా, ఊరికే దిగులు కమ్మిన రోజా? తాగుడుందా, నిద్ర ఎట్లుంటాది? పోతే సంతోషంగా ఉంటాదా? ఆ చివరి ప్రశ్నకు రవికుమార్ మొదటిసారి తల ఎత్తాడు.

"ముందుండేది మేడం. ఇప్పుడు ల్యా. పోకుంటే ఒళ్లంతా పీకుతాది, పోయొస్తే సావాలనిపిస్తాది."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. చావాలనిపించడం గురించే ఎంతోసేపు అడిగింది, ఎప్పుడు, ఏ రకంగా, ఇంట్లో ఎవరుంటారు అని. ఆ తర్వాత చెప్పింది. కోరిక ఎక్కువగా ఉండటం జబ్బు కాదంట. పాపం చేశానని కుమిలిపోయే వాళ్లంతా రోగులు కారంట. వద్దు వద్దనుకుంటూనే పోవడం, ఇల్లు, పని, పిల్లలు అన్నీ దాని వెనక్కి పోవడం, సంతోషం పోయినా మానలేకపోవడం, అదీ నెలలూ ఏళ్లూ సాగడం, అప్పుడు దాన్ని జబ్బుగానే చూస్తారంట. రోజూ మాత్ర, వారం వారం వచ్చి మాట్లాడటం, ఒంటరిగా ఫోను పట్టుకుని ఉండే వేళల్ని తగ్గించుకోవడం, కాలు అటు లాగినప్పుడు ఎవరికో ఒకరికి ఫోను చేయడం. తప్పిపోతే దాచకుండా వచ్చి చెప్పడం. హెలెన్ వింటూ ఉంది. జబ్బు అనే ఆ ఒక్క మాట ఆమె చేతిలోంచి ఏదో లాగేసుకున్నట్టయింది. రెండు వారాలుగా కడుపులో దాచుకున్న తిట్లన్నీ ఉన్నాయి, వాటినిప్పుడు ఎవరిమీద వేయాలి? జ్వరం వచ్చినవాణ్ణి తిడతారా ఎవరైనా? డాక్టరుకు అది అర్థమైనట్టుంది. చేసింది ఆయనే, జవాబు చెప్పుకోవాల్సిందీ ఆయనే, జబ్బన్నానని మీకు అన్యాయం జరగలేదని కాదు అంది. ఇద్దరూ రక్తపరీక్షలు చేయించుకోవాలి, ఆయన పక్కన పడుకోవడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, దానివల్ల వైద్యం ఏమీ చెడదు అంది. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చా? ఆ మాట ఇన్నేళ్లలో ఆమెతో ఎవరూ అనలేదు.

అక్కడితో అయిపోయి ఉంటే ఆ సంచి పక్క సీట్లోకి వచ్చేది కాదేమో. ఇంతకుముందు ఎక్కడైనా చూపించుకున్నారా అని డాక్టరు మామూలుగా అడిగింది. రవికుమార్ కూడా మామూలుగానే చెప్పాడు. పెళ్లికి ముందు వేలూరులో చూపించినారు మేడం, అమ్మ తీసుకపోయింది, కొన్నాళ్లు మందు తిన్నా, బాగానే ఉండె, పెళ్లి కుదిరినాక అమ్మ చాలు లేరా అనింది. అని, భార్య వైపు తిరిగి, ఈమెకు తెలుసు మేడం అన్నాడు. హెలెన్ ఆ వేలూరు మాట వినడం అదే మొదలు. అతన్ని చూసింది. అతను ఆమెను చూశాడు. ఆమె ముఖంలో ఏం కనబడిందో, అతని నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది.

తొండూరు వచ్చింది. నలుగురు ఆడవాళ్లు గంపలతో ఎక్కారు. అందులో ఒకామె సంచి తియ్ మే అంటే హెలెన్ తీసి ఒళ్లో పెట్టుకుంది. పక్కన కూర్చున్న ఆమె ఒంటినుంచి చీనీకాయల పచ్చివాసన. అమ్మ ఒంటినుంచి వచ్చేది ఏ వాసన? గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. అమ్మ పోయేనాటికి హెలెన్ ఆరో తరగతి. పెద్దముడియం నుంచి తెచ్చి జమ్మలమడుగు హాస్టల్లో వేసి నాయన వెళ్లిపోతే, తెలుగు చెప్పే దీవెనమ్మ టీచరు దగ్గరకు తీసుకుంది. తలకు నూనె పెట్టింది ఆమె. పెద్దమనిషైతే గుడ్డలు చింపిచ్చి, భయపడాకు మే అని పక్కన కూర్చున్నది ఆమె. సామెతలు చెప్పి వాక్యాలు రాయించేది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. క్లాసంతా పగలబడి నవ్వింది ఆరోజు. టీచరు కూడా నవ్వింది. హెలెన్ టీచరు ట్రైనింగు పూర్తిచేసి ఉద్యోగం తెచ్చుకున్న ఏడాది దీవెనమ్మే ఇంటికి వచ్చింది, నా కొడుకుకు నిన్ను తప్ప ఎవర్నీ చేసుకోను అంది. ఊళ్లో ఎంతమంది పిల్లలు, ఆస్తులున్న వాళ్లు, మంచి మంచి కుటుంబాల వాళ్లు! అంతమందిని వదిలి తనను కోరిందని హెలెన్ ఎంత పొంగిపోయింది. పెళ్లికొడుకును సరిగా చూడను కూడా లేదు. టీచరు ఇంటికి పోతున్నాననే సంతోషంతోనే పోయింది.

ఇంత మందిలో తననే ఎందుకు?

ఆ ప్రశ్న ఇన్నేళ్లూ తీపిగా ఉండేది. ఇప్పుడు బస్సు గతుకులో పడి లేచినప్పుడు జవాబు దానంతటదే పైకొచ్చింది. పిల్లనిచ్చేటప్పుడు తల్లి అడుగుతుంది. అబ్బాయి చదువు మధ్యలో హాస్టల్లోంచి ఎందుకొచ్చేశాడని అడుగుతుంది, వేలూరు ఎందుకు పోయారని అడుగుతుంది, పిన్నమ్మల్ని పంపి చుట్టుపక్కల కనుక్కుంటుంది. నాయనకు అవేం తెలుసు? టీచరమ్మ అడిగిందంటే చేతులు జోడించాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది. కాదు కాదు, అట్లా అయి ఉండదు. టీచరు అంత లెక్క వేసే మనిషి కాదు. కాదా?

పెళ్లైన రెండో ఏడు ఆమెకు మూత్రంలో మంట, దురద పుట్టి ఆసుపత్రికి పోతే, లేడీ డాక్టరు మాత్రలు రాసి, మీ ఆయన కూడా తినాలి, ఆయన్ని ఒకసారి తీసుకురా అంది. హెలెన్ భర్తకంటే ముందు అత్తకే చెప్పుకుంది. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? దీవెనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే, మీ బడిలో బాత్రూములు శుభ్రంగా ఉండవు మే, ఆడోళ్లకు ఇట్లాంటివి మామూలే అంది. మరుసటి రోజు హెలెన్ ఫినాయిల్ సీసా కొనుక్కుని పోయి, చీర ఎత్తి చెక్కుకుని, బడిలో బాత్రూము తానే కడిగింది. పిల్లలు వరసగా నిలబడి చూశారు. ఏళ్ల తరబడి కడుగుతూనే ఉంది. ఆమె ఎప్పుడన్నా కళ్లనీళ్లు పెట్టుకుంటే, మొగుణ్ణి మనం బాగా చూసుకుంటే బయటి చూపు ఉండదు మే అనేది అత్త. చూసుకుంది. జ్వరంగా ఉన్న రోజుల్లో కూడా వద్దనలేదు. కాన్పై నెల తిరక్కముందు కూడా వద్దనలేదు. తనలోనే ఏదో తక్కువని, తల దువ్వుకునే అద్దంలో వెతుక్కుంటూ బతికింది.

మామ చనిపోయిన రోజు. హాల్లో శవం ఐసుపెట్టెలో ఉంది, సంఘం వాళ్లంతా వచ్చి కూర్చుని పాటలు పాడుతున్నారు. మధ్యాహ్నం సమాధి చేయాలి. ఉన్నట్టుండి రవికుమార్ కనపడలేదు. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు దీవెనమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేనే పంపించినా ప్రొద్దుటూరుకు పూలకు అంది. అతను వచ్చాడు, తలస్నానం చేసినట్టు జుట్టు తడిగా ఉంది, చేతిలో పూలు లేవు. పూలేవని ఎవరూ అడగలేదు. దుఃఖంలో అత్తకు మతి తప్పిందనుకుంది హెలెన్. ఆ రాత్రి అత్త కాళ్లు పట్టి పిసికింది కూడా. ఇవాళ డాక్టరు ముందు రవికుమార్ చెప్పినవాటిలో ఆ రోజు కూడా ఉంది. నాయన పెట్టెలో ఉంటే కూడా ఆగలేకపోయినా మేడం అన్నాడు. అంటే ఆమెకు మతి తప్పలేదు. మొగుడి శవం పక్కన కూర్చుని, కొడుకు ఎక్కడికి పోయాడో తెలిసే, పూలని చెప్పింది.

అయినా ఇవన్నీ మింగేసి బతికేదేమో. రెండు వారాల కిందట క్రిస్మస్ బట్టలకని కూతురు ఎస్తర్‌ను ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. బట్టల కొట్లో కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని చెప్పి బయటికి పోయాడు. మూడో తరగతి పిల్ల. ఎంతసేపు కూర్చుందో దానికే తెలియదు. కొట్లో పనిచేసే ఒకామె దాన్ని అడిగి నంబరు తెలుసుకుని ఫోను చేస్తే, హెలెన్ ఆటో మాట్లాడుకుని పరుగెత్తింది. పిల్ల చెక్కబల్ల మీద, కొన్న గౌను పొట్లం గట్టిగా గుండెకు హత్తుకుని కూర్చుని ఉంది. ఉచ్చ ఆపుకుని ఆపుకుని ఒంటిమీది గౌను తడుపుకుంది. నాయన్ని తిట్టొద్దు అంది మొదటి మాటగా. ఆ సాయంత్రం రవికుమార్ బాత్రూము నేల మీద కూర్చుని, నా వల్ల కావడంల్యా హెలెన్, నన్ను యాడికన్నా తీసకపో అన్నాడు. బడిలో తనతో పనిచేసే మసరత్, వాళ్ల అన్నకు తాగుడు మాన్పించిన డాక్టరని ఇరమ్ పేరు చెప్పింది. ఎవరికి అని అడగలేదు మసరత్. ఆ అడగకపోవడానికి హెలెన్ ఆమెకు మనసులో దండం పెట్టుకుంది.

ముద్దనూరులో బస్సు కాసేపు ఆగింది. అందరూ దిగుతున్నారు, ఎక్కుతున్నారు. నాపరాళ్ల లారీ పక్కనుంచి పోతూ దుమ్ము రేపింది. కిటికీ కింద రవికుమార్ వచ్చి నిలబడ్డాడు, చేతిలో టీ కప్పు. అందించాడు. ఆమె తీసుకోలేదు. అతను దాన్ని పట్టుకునే నిలబడ్డాడు.

"హెలెన్‌కు అంతా చెప్పినా, ఒప్పుకునింది, నువ్వు దాని దగ్గర ఆ మాట ఎత్తాకు, బాధపడతాది అనింది అమ్మ," అన్నాడు మెల్లగా. "నేను నమ్మినా."

"ఇన్నేండ్లలో ఒక్కసారన్నా నన్నడగాలని అనిపించలేదా నీకు?"

అడిగితే నువ్వు పోతావని భయం అన్నాడు. ఆ మాట నిజమేనని ఆమెకు తోచింది. నిజమే కాబట్టి ఇంకా మండింది. తెలిసీ ఒప్పుకున్న దేవత అనుకుని ఒకడు, అడిగేవాళ్లు లేని పిల్ల అనుకుని ఒకామె, ఇద్దరి మధ్య తాను ఎప్పుడూ లేనే లేదు. డ్రైవరు హారను కొట్టాడు. అతను టీ కింద పారబోసి బస్సెక్కాడు.

ఆ తర్వాత నల్లరేగడి. మోకాలెత్తు కూడా లేని శనగ పైరు, పచ్చగా, ఎంతదూరం చూసినా. హెలెన్ మాటలు సిద్ధం చేసుకుంది. అత్త కాదంటుంది. కాదంటే ఇట్లా అనాలి. ఏడుస్తుంది. ఏడిస్తే ఇట్లా అనాలి. దేవుని మీద ఒట్టు పెడుతుంది, వాక్యం చెబుతుంది, గుండె పట్టుకుని కూలబడుతుంది. అన్నిటికీ ఒక్కొక్క జవాబు చేసుకుంది. పెన్న వంతెన ఎక్కేసరికి అన్నీ తయారైనాయి. నీళ్లు ఒక పక్కన సన్నగా పారుతున్నాయి, మిగతాదంతా ఇసక.

ఇంట్లో దీవెనమ్మ ఒక్కతే ఉంది. ఎస్తర్ ట్యూషన్‌కు పోయింది. కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతా అంది. రవికుమార్ బయట కొళాయి దగ్గరే ఆగిపోయాడు. హెలెన్ చెప్పులు కూడా విడవలేదు.

"వేలూరు సంగతి నాకు చెప్పినారని ఆయనకు చెప్పినారంట."

దీవెనమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టింది. కొడుకు వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తర్వాత పీట మీద కూర్చుంది.

"అవును."

హెలెన్ దారి పొడుగునా చేసుకున్న జవాబులన్నీ ఎందుకూ కాకుండా పోయాయి.

"ఏంటికి?"

"చెప్తే నువ్వు ఒప్పుకోవు. చెప్పలేదంటే వాడు ఒప్పుకోడు." ఆమె గొంతు క్లాసులో పాఠం చెప్పినట్టే ఉంది, కళ్లు మాత్రం నేల మీద ఉన్నాయి. "వేలూరు డాక్టరు మందు ఆపొద్దన్నాడు. కోడలు చూస్తే ఏం మందని అడగదా? అందుకే ఆపిస్తి. పెండ్లయితే కుదురుకుంటాడనుకుంటి మే. నువ్వు గట్టిదానివి, నిలబెట్టుకుంటావనుకుంటి."

"మా అమ్మ బతికుండింటే నన్ను కోడలుగా అడిగేవాళ్లేనా?"

ఇది ఆమె దారిలో సిద్ధం చేసుకున్న ప్రశ్న కాదు. అడగకూడదనుకున్నదే వచ్చేసింది. దీవెనమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. అబద్ధం చెప్పేస్తే బాగుండునని హెలెన్‌కు అనిపించింది, అదొక్కటి చెప్పేస్తే బాగుండునని.

"లేదు," అంది దీవెనమ్మ. "అడిగేదాన్ని కాదు."

హెలెన్ గొంతు పెంచలేదు. రేపు ప్రొద్దుటూరు పోయి రక్తపరీక్ష చేయించుకుంటానంది, తోడెవరూ రానక్కర్లేదంది. ఎస్తర్, తాను పెద్దముడియంలో నాయన ఇంట్లో ఉంటామంది. బడికి అక్కడినుంచే దగ్గర. తిరిగి వస్తుందో రాదో ఇప్పుడు అడగొద్దంది. రవికుమార్ గడపలోకి వచ్చి వింటూ నిలబడ్డాడు.

"వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నారు డాక్టరు. నువ్వు రావా?"

"రాను." అత్త వైపు తిరిగింది. "మీరు పోండి. అప్పుడు మధ్యలో ఆపినారు గదా. ఈసారి డాక్టరు చాలనేదాకా మీరే తీసుకపోండి. డాక్టరు అడిగేవన్నీ మీరు కూడా కూర్చుని వినండి."

దీవెనమ్మ తల ఊపింది. ఊపుతూనే ఉంది, ఆపడం మరిచిపోయినట్టు. రవికుమార్ వచ్చి తల్లి పక్కన నేలమీద కూలబడ్డాడు. వాళ్లిద్దరినీ అట్లా చూస్తే జాలి వేస్తుందేమోనని భయపడి హెలెన్ బయటికి నడిచింది.

ట్యూషన్ ఇంటి ముందు ఎస్తర్ ఒంటికాలి మీద గెంతుతూ ఉంది. తల్లిని చూసి సంచి తగిలించుకుని వచ్చి చెయ్యి పట్టుకుంది. రెండు వారాలుగా ఆ పిల్ల ఎవరి చెయ్యి పట్టుకున్నా వదలడం లేదు. చర్చి వీధి దాటాక అడిగింది.

"యాడికి పోయినారు పొద్దున?"

చుట్టాలింటికని నోటిదాకా వచ్చింది హెలెన్‌కు. ఎంత సులువుగా వచ్చింది! పూలకు పంపినా అన్నంత సులువుగా.

"ఆస్పత్రికి. నాయనకు బాగలేదు."

"ఆరోజు నన్ను ఆడ వదిలిపెట్టి పోయింది అందుకేనా?"

"అందుకే. జబ్బున్నా అట్ల వదిలిపెట్టకూడదు, అది నాయన తప్పే. ఏం జబ్బని నీకు ఇప్పుడు చెప్పలేను. పెద్దయినాక నువ్వు అడిగినా అడక్కపోయినా చెప్తా."

ఎస్తర్ తలెత్తి చూసింది. ఇంత వరకు అమ్మ తనతో ఇట్లా మాట్లాడలేదని దానికి తెలిసినట్టుంది. చెయ్యి ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"బాగైపోతాడా?"

తప్పకుండా బాగైపోతాడని చెప్పడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక్క మాట చాలు, పిల్ల మళ్లీ ఒంటికాలి మీద గెంతుతుంది.

"తెలీదు మే," అంది హెలెన్. "ఆపకుండా మందు తింటే తగ్గొచ్చంట."